అన్నీ గడులే!

“అన్నీ గడులే నాన్నా,” అంది స్నిగ్ధ కంప్యూటర్ తెరకేసి చూస్తూ.

“గడులేంటమ్మా?”

“నలుచదరంగా, ఖాళీగా... పేజీ నిండా అవే. ఒక్క అక్షరం లేదు. సదాశివరావు అంకుల్ ఫైలు మన పాత సాఫ్ట్‌వేర్‌కి పడటం లేదు. కంపాటిబిలిటీ ప్రాబ్లమ్. ఫోన్లోనూ అంతే,” అంది తండ్రి అడక్కముందే.

భీమారావు నిట్టూర్చాడు. కంటి ఆపరేషనై నాలుగు రోజులైంది. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ఎప్పుడో మసక. లేకపోతే ఆ ఢిల్లీ మయూర్ విహార్ ఫ్లాట్‌లో కంప్యూటర్ ముందు తనే కూర్చునేవాడు. పోనీ భార్య ఉన్నా సరిపోయేది. ఆవిడ చెల్లెలికి మోకాలి ఆపరేషనని కాకినాడ వెళ్ళి, ఆసుపత్రిలో ఉంది. ఒకే నెలలో ఇంటికి రెండు ఆపరేషన్లు, ఏం గ్రహచారమో!

సదాశివరావు, భీమారావు ఒకే రెజిమెంట్లో పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజుల మీద సదాశివరావు చిన్న పుస్తకం రాశాడు. ఒంటి వేలితో తనే టైపు చేశాడు. సోమవారం ప్రెస్సుకి పోవాలి. ముందుమాట భీమారావుది. పుస్తకమంతా వింటే గానీ ముందుమాట చెప్పనని భీమారావు పట్టు.

“ఫోన్లో నువ్వే చదివెయ్యరా,” అన్నాడు మొదట్లోనే.

సదాశివరావు ఒప్పుకోలేదు. “నా రాత నేనే చదువుకోడానికి సిగ్గురా బాబూ. మీ అమ్మాయి చదువుతుంది, నువ్వు విను. ఢిల్లీలో పెరిగినా తెలుగు గడగడా చదువుతుందని ఊరంతా టాంటాం వేసింది నువ్వేగా!”

వేశాడు మరి. స్నిగ్ధ ఆరో క్లాసులో ఉన్నప్పుడు తెలుగు సంఘం ఉగాది సభలో, పుస్తకం చేత పట్టుకుని శతక పద్యాలు ఎక్కడా తడబడకుండా చదివింది. అంతకు ముందు నెల్లాళ్ళు వాళ్ళమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని వల్లె వేయించింది. ఆ వెండి కప్పు ఇప్పటికీ టీవీ పక్కనే ఉంది. ఇంటికెవరొచ్చినా ముందు కాఫీ, తరవాత కప్పు కథ. ఆ కథ మొదలవగానే స్నిగ్ధ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. “మా అమ్మాయికి పొగడ్తలు గిట్టవు,” అని అదొకటి మళ్ళీ.

“గుర్గావ్‌లో అంత పెద్ద కంపెనీలో చేస్తున్నావు. మనింటి కంప్యూటర్‌కి సరిపడే సాఫ్ట్‌వేర్ చూడటం నీకో లెక్కా తల్లీ?”

“చూస్తాను నాన్నా,” అంది స్నిగ్ధ.

మర్నాడు ఉచితంగా దొరికేది ఒకటి దింపింది. ఫైలు తెరిచి, కాసేపు చూసి, “ఊహూ. దీన్లోనూ గడులే,” అంది.

భీమారావు కాకినాడలోనే ఉండే సదాశివరావుకి ఫోన్ కలిపాడు. స్పీకర్లో అతని గొంతు బితుకుబితుకుమంటూ వచ్చింది. “నా టైపింగులోనే ఏదో తేడా ఉండుంటుందిరా. పాపం, పిల్లని ఇబ్బంది పెడుతున్నాను. ఇంకో పద్ధతుందట, మళ్ళీ మొదట్నుంచీ కొడతాను. ఏమనుకోకమ్మా స్నిగ్ధా.”

స్నిగ్ధకు తల కొట్టేసినట్టయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల ఇంట్లో ఉండగా, పెద్దాయన ఒంటి వేలితో పుస్తకం మళ్ళీ టైపు చేయడమా! “వద్దంకుల్” అనబోయింది. మానుకుంది. ఆ పూట అన్నం సహించలేదు.

శనివారానికి కొత్త ఫైలు వచ్చింది. ఈసారి భీమారావే మార్కెట్లో కంప్యూటర్ షాపు నడిపే సునీల్‌ని పిలిపించాడు. “ఖర్చయితే అయింది, అసలైనది వేయించు. నా మూలాన వాడి పుస్తకం ఆగిపోతే జన్మలో వాడి మొహం చూడలేను,” అన్నాడు.

సునీల్ సాఫ్ట్‌వేర్ వేశాడు. ఫైలు మీద నొక్కాడు.

“లో దీదీ, ఖుల్ గయా!” అని తెరకేసి చూసి నవ్వాడు. “హమ్‌కో తో సబ్ గోల్ గోల్ జలేబీ లగ్‌తా హై. ఠీక్ ఆయా కి నహీ, ఆప్ బతాయియే.” అతనికి అన్నీ గుండ్రటి జిలేబీల్లా ఉన్నాయట, సరిగ్గా వచ్చిందో లేదో ఆమే చెప్పాలట.

స్నిగ్ధ తెర వంక చూసింది. తండ్రి కంటి కట్టు వంక చూసింది.

“నహీ భయ్యా. వైసా హీ హై,” అంది నెమ్మదిగా, ఇదీ మునుపటిలాగే ఉందని.

“కమాల్ హై!” అని బుర్ర గోక్కుంటూ సునీల్ వెళ్ళిపోయాడు.

సర్వీసంతా ఉత్తరాదిలోనే చేసి, హిందీ వినబడితే చాలు కబుర్లకు దిగే భీమారావు ఇవాళ సునీల్‌తో ఒక్క మాటా కలపలేదు. కాసేపటికి ఫోన్ అందుకున్నాడు.

“ఒరే సదాశివం, తప్పు నీ టైపింగుది కాదురా. మా ఇంట్లోదే. నాదే అనుకో. సిగ్గూ లేదు గిగ్గూ లేదు, పుస్తకం నువ్వే చదువు. ఎంతసేపైనా వింటాను. రేపటికి ముందుమాట చెప్పేస్తాను.”

అవతల్నించి ఏదో సందేహం వినబడింది.

“మా అమ్మాయిని ఏమీ అడక్కు. ఆఫీసు పనితో అలిసిపోయింది,” అని పెట్టేశాడు.

స్నిగ్ధ తలెత్తలేకపోయింది.

“సారీ నాన్నా. సోమవారం ఆఫీసులో అడిగి ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ కనుక్కుంటాను.”

భీమారావు చెయ్యి చాపి, గాలిలో వెతుక్కుని, కూతురి తల మీద పెట్టాడు.

“వద్దమ్మా, వచ్చేటప్పుడు పలకా బలపం పట్టుకురా.”