మైలుతుత్తం

అద్దాల తొట్టెకి పాచి పట్టింది.

దీవిలోని లంబాలైన్‌ పేటలో చక్రి నడిపే లాడ్జికి ఆ తొట్టే అందం. ఉప్పునీళ్ళు, రాళ్ళు, నాలుగు నారింజ చేపలు. ఇప్పుడు పచ్చటి జిగురు పేరుకుని లోపల చేపలున్నాయో లేదో కూడా తెలియడం లేదు.

పక్క హోటలాయన ఒక మనిషిని పంపాడు. తుష్నాబాద్ పల్లె నుంచి బస్సులో వచ్చాడు. అరవై దాటిన బక్కమనిషి, భుజాన గుడ్డసంచి.

"రమణయ్యనండి. పాచి తీస్తాను."

చక్రి చేతిలో పెన్ను ఆగిపోయింది. పదిహేనేళ్ళుగా ఆ ముఖాన్ని అతను మరిచిపోలేదు.

సునామీ వచ్చినప్పుడు చక్రికి పదేళ్ళు. అప్పట్లో ఇంకో దీవిలో, హట్‌బేలో ఉండేవాళ్ళు. ఆ ఉదయం జెట్టీకి వెళ్ళిన తండ్రి సత్యారావు తిరిగి రాలేదు. అతన్ని ఆఖరుసారి చూసింది రమణయ్యేనని సహాయ శిబిరంలో అందరూ అన్నారు. చనిపోయినట్టు సాక్షి సంతకం పెట్టమన్నారు ఆఫీసర్లు.

"సముద్రంలో పోయాడని నేను సంతకం పెట్టలేను" అని లేచి వెళ్ళిపోయాడు రమణయ్య.

తండ్రి పేరు కనిపించనివాళ్ళ జాబితాలో ఉండిపోయింది. తల్లి కాసులమ్మ అటు ముత్తైదువా కాదు, ఇటు విధవా కాదు. "మీ నాన్న ఉన్నాడా, పోయాడా" అని బడిలో పిల్లలు అడిగినప్పుడల్లా చక్రి పళ్ళు కొరికేవాడు. ఏనాటికైనా ఆ మనిషిని నలుగురిలో తల దించుకునేలా చెయ్యాలనుకునేవాడు.

ఇప్పుడు ఆ మనిషే గుమ్మంలోకి వచ్చాడు.

"పని మొదలెట్టు చాచా" అన్నాడు చక్రి, నవ్వు తెచ్చుకుని.

రమణయ్య అద్దానికి ముఖం ఆనించి చూశాడు.

"రోజంతా లైటేస్తున్నారు. మేత ఎక్కువైపోయింది. కుళాయి నీళ్ళు పోస్తున్నారు. పాచి పట్టక ఏటవుద్ది బాబూ?"

"మందేదైనా పోస్తే సాఫ్ అయిపోదా?"

"ఉప్పునీళ్ళ తొట్టెలో మందులొద్దు. పాచి తినే నత్తల్ని వదుల్తాను, మందేస్తే అవి బతకవు. మెల్లగా పోద్ది."

నెల రోజులు తిరిగాడు. మోచేతులదాకా నీళ్ళలో పెట్టి రాయి రాయీ గీకాడు. ఫిల్టరు కడిగి నీళ్ళు మార్చాడు. లైటు ఒక్క పూటకి తగ్గించాడు. చివరికి నత్తల్ని వదిలాడు. అద్దం తేటపడింది.

వెళ్తూ వెళ్తూ అడిగాడు. "మీ అమ్మ బాగుందా బాబూ?"

అంటే గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కూడా, తప్పయిందన్న ఒక్క ముక్క లేదు.

ఆ మధ్యాహ్నమే చక్రి పాచిని చంపే నీలిమందు, మైలుతుత్తం, కరిగించి తొట్టెలో పోశాడు.

మర్నాటికి నత్తలు రాళ్ళ మీంచి రాలిపోయాయి. చేపలు తేలాయి. చక్రి రమణయ్యకి కబురు పెట్టాడు. అతనితో పని చేయించుకునే హోటలాయన్నీ, క్లినిక్ డాక్టర్నీ కూడా పిలిచాడు.

"చూడండి ఈయన నిర్వాకం. ఏం పోశాడో, ఒక్క ప్రాణీ మిగల్లేదు."

రమణయ్య వంగి చూశాడు. అడుగున కరగని నీలిపలుకు ఒకటి కనిపించింది. తలెత్తి చక్రి కళ్ళలోకి చూశాడు. చక్రి కూడా చూపు తిప్పలేదు.

"నాదే పొరపాటు" అన్నాడు రమణయ్య.

సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత అతన్ని పనికి పిలిచినవాళ్ళు లేరు.

పది రోజుల తరువాత చక్రి గర్వంగా ఇంటికొచ్చాడు.

"అమ్మా, నాన్న పగ తీర్చేశాను. ఆ హట్‌బే రమణయ్య పొద్దున్న వైజాగ్ ఓడెక్కేశాడు. ఇక రాడు."

"ఏం చేశావురా?"

చెప్పాడు. బియ్యం ఏరుతున్న కాసులమ్మ చేట పక్కన పెట్టేసింది.

"మీ నాన్న సముద్రంలో పోలేదురా. అల నుంచి బతికాడు. మూడోనాడు జనాన్ని తరలించే ఓడలో ఇంకో ఆడమనిషితో వెళ్ళిపోయాడు. రమణయ్య కళ్ళారా చూశాడు. నాకొక్కదానికే చెప్పాడు."

"మరి ఆ మాట ఆయన అందరిలో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చక్రి.

"నీకు తెలియనివ్వద్దని నేనే ఆయన చేతులు పట్టుకున్నాను. దొంగసంతకం పెట్టలేనన్నాడు, కానీ నిజం మటుకు ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. ఊరంతా తిట్టినా నోరు మెదపలేదు."

"ఎవరో పరాయివాడు. మన పరువు కోసం ఆయనకెందుకమ్మా అంత?"

కాసులమ్మ కొడుకు ముఖంలోకి చూడలేదు.

"ఆ వెళ్ళిపోయిన ఆడమనిషి రమణయ్య పెళ్ళామేరా."