రెండు తప్పులు ఎక్కువ

బాలనర్సమ్మ పంచాయతీ ఆఫీసు మెట్లెక్కబోతుంటే జనం ముక్కులు మూసుకున్నారు.

"ఆడ్నే నిలబడు అవ్వా. నీ మీదికెళ్లి వాసనొస్తాంది," అన్నాడు వార్డు మెంబర్ మహేశ్, ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని.

వాసన నిజమే. ఊళ్లో ఎవరింట్లో దావత్ అయినా కోళ్లు సాఫ్ చేసేది ఆమే. తలకాయలు, కాళ్లు, పేగులు ఆమె వాటా. ఎంత కడిగినా ఆ చేతుల నీచు పోదు.

బుధవారం ఆమె పెరట్లో పన్నెండు కోళ్లూ చచ్చాయి. ముక్కుల్లో నురగ, నల్లబడిన జుట్లు, పచ్చటి రెట్ట. పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచిన నల్లపెట్ట ఆమె ఒళ్లోనే మెడ వాల్చింది. శుక్రవారం గుర్వయ్య కోళ్లఫారం షెడ్డులో నాలుగు వేల కోళ్లు చచ్చాయని తెలిసింది. గుంట తీసి పూడ్చినా కంపు నకిరేకల్ రోడ్డు దాకా కొట్టింది.

"రోగం దీని పెంటలకెళ్లే వచ్చింది. థూ! ఊరు ఇడిసి పొమ్మనుండ్రి," అన్నాడు గుర్వయ్య. ఉమ్ము ఆమె కాళ్ల దగ్గర పడింది.

అందరూ తలలూపారు. కోళ్లు చావకముందు ఆదివారమే, తన బోరులో నీళ్లు పడ్డాయని, షెడ్డు కోళ్లే కోయించి ఊరందరికీ దావత్ ఇచ్చినవాడు గుర్వయ్య. అడిగినోళ్లకు అడిగినన్ని ముక్కలు.

పశువుల డాక్టర్ అల్మాస్ ల్యాబ్ కాగితం విప్పింది. రెండు చోట్లా దొరికిన వైరస్ జన్యువులను ఆమె ల్యాబ్‌లో అక్షరం అక్షరం చదివించింది.

"వైరస్‌ల నకళ్లు తీసే ఎంజైమ్ ఒకటుంటది. తొందరగ రాస్తది, తప్పులు రాస్తది. ఒకసారి పడ్డ తప్పు తర్వాతి నకళ్లల్ల గట్లనే ఉంటది. పాత వైరస్‌తోని చూస్తే షెడ్డు కోళ్లల్ల మూడు తప్పులున్నయి. అవ్వ కోళ్లల్ల ఆ మూడూ ఉన్నయి, ఇంకో రెండు ఎక్కువున్నయి."

"అంటే?" అన్నాడు మహేశ్.

"అవ్వ కోళ్లది షెడ్డు వైరస్‌కే తర్వాతి నకలు. రోగం షెడ్డు నుంచే అవ్వ ఇంటికి పోయింది."

గుర్వయ్య నవ్వాడు. "ఎట్ల పోతది మేడం? నా కోళ్లు గురువారం దాకా మంచిగున్నయి. చుట్టూ ఇనుప జాలి. దీన్నెన్నడు గేటు తొక్కనియ్యలె."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందేమో!" అన్నాడు మహేశ్. నవ్వులు లేచాయి.

అల్మాస్ ముసలామె వైపు తిరిగింది. "భయపడకు అవ్వా. నీ కోళ్లు షెడ్డు కాడికి పోయినయా? చచ్చే ముందు ఏం తిన్నయి?"

బాలనర్సమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"నా కోళ్లు గడప దాటలె బిడ్డా, గుర్వయ్య దావత్‌ల ముక్కలు వీళ్లు తిన్నరు, పేగులు నా కోళ్లు తిన్నయి."