చెంచాడు బలం

ఆమెకు చావంటే భయం లేదు. పాపకు ఏమైనా అవుతుందేమోనన్నదే భయం. ఒక్కతే పిల్ల. ఆ ఒక్కదానికీ ఏదైనా అయితే అన్న ఆలోచన వస్తే చాలు, చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. ఇంకొకరు పుడితే బాగుండునని ఆమె ఆరాటపడింది కూడా అందుకే.

ఆ మధ్యాహ్నం మాత్రం పని ఆగిపోయింది ఒక ఎలుకను చూసి.

"గట్టిగా పట్టుకోకు, చచ్చేలా ఉంది" అంది మేడమ్.

బోనులు కడగడం ఆమె పని, ఎలుకల మీద పరిశోధన మేడమ్‌ది. మగ ఎలుకలకు సెలీనియం అనే ఖనిజం మందును నీళ్ళలో కలిపి పట్టిస్తున్నారు. పచ్చమూత సీసాలో పది చుక్కలు, ఎర్రమూత సీసాలో వంద. చేతిలో ఉన్నది ఎర్రమూత ఎలుక. వీపు మీద బొచ్చు ఊడిపోయింది. గోళ్ళు విరిగిపోయాయి. మూతి దగ్గర గుప్పుమని వెల్లుల్లి వాసన.

"దీనికి వెల్లుల్లి ఎవరు పెట్టారు మేడమ్?"

"ఎవరూ పెట్టలేదు. మందు ఎక్కువైతే ఊపిరి అలాగే కొడుతుంది. ఇక దీనికి పిల్లలు పుట్టవు. వీర్యకణాలు సగం చచ్చాయి, మిగతా సగం కదల్లేకపోతున్నాయి. ఇది మాత్రం ఎన్నాళ్ళుంటుందిలే!"

"పచ్చమూతవి బాగున్నాయిగా! కణాలు రెట్టింపయ్యాయని పోయిన నెల మీరే అన్నారు."

"అన్నాను."

"అయితే ఇది వేరే మందా?"

"అదే డబ్బా, అదే మందు. కొంచెమైతే మేలు, ఎక్కువైతే విషం. ఏమైంది నీకు? ఆ చెమటలేంటి?"

"ఇంట్లో పనుంది మేడమ్. ఇంటికెళ్తా."

దారి పొడుగునా ఒకటే లెక్క. ఎలుక అరచేతిలో ఇమిడిపోతుంది, మనిషి మంచం నిండా ఉంటాడు. ఎలుకకు పది చుక్కలైతే మనిషికి ఒక చెంచా. ఏడో తరగతిలో ఆగిపోయిన చదువుకు ఆ లెక్క సరిగ్గానే తోచింది. నెల కిందట ఆ డబ్బాలోంచి ఒక సీసాడు మందు ఎవరూ చూడకుండా ఇంటికి తెచ్చింది. లోపం మీలోనే ఉందని ఆస్పత్రివాళ్ళు రాసిచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసిన మొగుడాయన. అలాంటి మనిషికి అసలు సంగతి ఎలా చెప్పాలి? "బలానికి మందు. పొద్దున్నే ఒక చెంచా" అని సీసా చేతికిచ్చి ఊరుకుంది.

ఇంట్లో ఆయన కిటికీ పక్కన మిషన్ తొక్కుతున్నాడు. బడిపిల్లల తెల్లచొక్కాల ఆర్డరు. నేలంతా తెల్లటి ముక్కలు. వాటి మధ్య చాప మీద పాప పడుకుని ఉంది.

"లేపకే. రెండ్రోజుల్నుంచి ఒకటే మత్తు దానికి" అన్నాడు.

తెల్లారకముందే ఆమె పనికి వెళ్ళిపోతుంది. పాపను లేపడం, తినిపించడం, జడ వేయడం అన్నీ ఆయనే. వంగి పాప నుదురు ముట్టుకుంది. దిండు మీద నల్లదారం పోగులుంటే దులిపేసింది. తిన్నగా మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"చేతులు చూపించండి."

గోళ్ళు రాయిలా ఉన్నాయి. జుట్టు పట్టుకుని లాగింది.

"అబ్బా! పీకకే తల్లీ, ఉన్నవే నాలుగు!"

"నోరు తెరవండి."

"సంతలో ఎద్దును చూసినట్టు ఏంటే ఇది? పళ్ళు లెక్కపెట్టి అమ్మేస్తావా?"

"ఊదండి ముందు!"

ఊదాడు. టీ వాసన. ఇంకేమీ లేదు. ఆమె నేల మీద చతికిలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"మీకేం కాలేదు. ఏమీ కాలేదు. ఆ మందు మాత్రం ఇక ముట్టుకోకండి."

"నేనెప్పుడు ముట్టుకున్నాను?" అన్నాడాయన, సూదికింద గుడ్డ సర్దుకుంటూ. "ఎద్దులా ఉన్నాను, నాకెందుకే బలం? చిక్కిపోయింది పాప. తేనెలో కలిపి దానికే పోస్తున్నా. నెలరోజులూ ఒక్కపూట మానలేదు. నువ్వు చెప్పినట్టే, చెంచా నిండా."

ఆమె మిషన్ వైపు చూసింది. సూదిలో తెల్లదారం. పైన తెల్లరీలు. పక్కన డబ్బాలో ఉన్నవన్నీ తెల్లరీళ్ళే.

చదువుతున్న మీరెవరైనా సరే, దీన్ని పక్కన పెట్టి, మీ ఇంట్లో నిద్రపోతున్న పాప దిండు ఒక్కసారి చూసి రండి.