తిరగబడ్డ లివరు

మొగుడు జీవరాజుతో వేగడం కరుణకుమారికే చెల్లింది. పాలు పొంగిపోనిచ్చినా, స్కూటరు తాళం పోగొట్టినా, గొడుగు బస్సులో వదిలేసి వచ్చినా సరే, "తప్పు నాదే" అన్న మాట మాత్రం ఆయన నోట రాదు. ఇవాళ ఎలాగైనా అనిపించాలనుకుంది. ఈసారి తప్పు షెడ్డు నడిమధ్యన, మిషను మీదే ఉంది మరి.

విస్తళ్లు నొక్కే ఆ మిషనుకి పొద్దున్నే ఆయన కొత్త వాల్వు బిగించాడు. లివరు కిందికి లాగితే పై అచ్చు దిగి అడ్డాకుల్ని నొక్కాలి. చర్చి నుంచి వచ్చీ రాగానే, భుజాన సంచైనా దించకుండా ఆమె లాగింది. అచ్చు దర్జాగా పైకి లేచింది.

"ఏటండీ ఇది? కిందకి లాగితే పైకెల్తంది!"

"పైకెత్తు. కిందకి దిగుతాది," అన్నాడు జీవరాజు, చేతుల ఆయిలు గుడ్డకి తుడుచుకుంటూ.

ఆకులు కుడుతున్న పక్కింటి జోగులమ్మ పకపకా నవ్వింది. "పైపులు అటుది ఇటు, ఇటుది అటు బిగించేసినావేటి బాబూ?"

"బిగించాను. అయితే ఏటి?"

"తప్పయిందని ఒప్పుకుని బేగి మార్సండి," అంది కరుణకుమారి.

"మార్సను. నువ్వే అలవాటు సేసుకో."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. మాకవరపాలెం నుంచి యలమంచిలి దాకా ఏ ట్రాక్టరు ట్రాలీ లేవకపోయినా బాగుచెయ్యడానికి మా ఆయన్నే పిలుస్తారని చర్చిలో ఆమె చెప్పుకోని ఆదివారం లేదు. రేపు కోతపండుగ భోజనాలకి వెళ్లేవి ఈ విస్తళ్లే. జోగులమ్మ చెవిన పడ్డ సంగతి వాటికన్నా ముందే చర్చికి చేరుతుంది.

ఉక్రోషంతోనే పనికి దిగింది. లివరు ఎత్తింది, అచ్చు దిగసాగింది. అంతలో ఆకు అంచు మడతపడింది. లివరు వదిలేస్తే అది మధ్యకొచ్చి నిలిచింది, అచ్చు సగంలో ఆగింది. మడత తీయడానికి ఎడమచెయ్యి లోపల పెట్టిందో లేదో, సంచిలో ఫోను మోగింది. బైబిలూ క్యారేజీ ఉన్న ఆ బరువు సంచిని కుడిచేత్తో భుజం మీంచి తీసి, ఎప్పటిలాగే లివరుకి తగిలించింది.

లివరు కిందికి వాలింది. మోటారు మూలిగింది.

"సెయ్యమ్మా! సెయ్యి!" జోగులమ్మ కేక.

కరుణకుమారి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అచ్చు అంతెత్తున ఉంది. చెయ్యి చెయ్యిలాగే ఉంది.

జీవరాజు వచ్చి మోటారు ఆపాడు. "సంచి అక్కడ తగిలించొద్దని ఎన్నిసార్లు సెప్పినా ఇనవు. నిన్ను మార్సలేక పైపులు మార్సాను."

జోగులమ్మ లేచొచ్చి ఆ పైపుల్ని వంగి చూసింది. కరుణకుమారి ఆవిడ వంక ఒకసారి గర్వంగా చూసి, ఇంకా మోగుతున్న ఫోను ఎత్తింది. "పాస్టరమ్మగారూ, సాయంత్రానికల్లా పంపించేస్తానండీ. మా ఆయన బిగించిన వాల్వు కదా, దిగులేటి?"

ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె వినాలనుకున్న మాట ఎట్టకేలకు ఆ షెడ్డులో గట్టిగా వినిపించింది.

"తప్పు నాదే," అంది కరుణకుమారి.