ఒంటికి పట్టిన చిలగడదుంప

చెల్లెలి పెళ్లి నెల ఉందనగా చిట్టి కుందేలుకు బొచ్చు రాలి, ఒళ్లు మోటుబారింది. ఈ అవతారంతో పెళ్లిపందిట్లో ఎలా నిలబడాలని దానికి ఒకటే దిగులు.

దుంపలు తవ్వుకుంటున్న అడవిపందిని సలహా అడిగింది.

"చిలగడదుంప ఒంటికి పట్టాలే గానీ, నిగనిగలాడిపోతావే" అంది పంది పెద్దమ్మ.

కుందేలు రెండో మాట వినలేదు. దుంపలు నలిపి, ముక్కు నుంచి తోక దాకా పూసుకుని ఎండలో కూర్చుంది. తీపి వాసనకు చీమలు బారులు తీరి వచ్చి కుట్టాయి. కుందేలు గెంతుకుంటూ పోయి వాగులో పడింది.

పెద్దమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "ఒంటికి పట్టడమంటే పూసుకోవడం కాదే పిచ్చిదానా, తిన్నది ఒంట్లో కలవడం. నీ దుంప నువ్వే తవ్వుకో. లేత ఆకులూ వదలకు."

కుందేలు సిగ్గుపడింది గానీ బద్ధకించలేదు. రోజూ తెల్లవారగానే తవ్వింది, ఆకులతో సహా కడుపునిండా తింది, కంటినిండా నిద్రపోయింది.

పెళ్లినాటికి కొత్త బొచ్చు తళతళలాడింది. పందిట్లో ఉడుత దాని చుట్టూ తిరిగి చూసి, చెవిలో అడిగింది. "ఏం పూసుకున్నావే అక్కా?"

"పూస్తే చీమలకు పట్టిందే చెల్లీ. తింటే నాకు పట్టింది" అంది కుందేలు, ఇంకో ముక్క కొరుకుతూ.