సానుపు లేని వాకిలి

“నేను బతికుండంగనే నా వాకిట్ల గడ్డి మొలిపిచ్చినవు గదనే కోడలా.”

శంకరవ్వ గొంతు చొప్పదండి బస్టాండు దాకా వినబడే ఉంటుంది. ఆర్టీసీ డ్యూటీ దిగి వస్తున్న ఆమె కొడుకు నరేశ్‌కు మాత్రం వీధి మలుపులోనే వినబడింది. పొద్దున్నుంచి బస్సు నడిపి నడిపి విసిగిపోయి వస్తే, ఇంటిముందు ఇంకో బస్సుకు సరిపడా జనం.

గేటు లోపల నిన్నటిదాకా సిమెంటు గచ్చు ఉండేది. ఇప్పుడు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరుచుకుని ఉంది. కరీంనగర్‌లో ఆ గడ్డి చుట్టలు అమ్మే జలాలుద్దీన్ మోకాళ్ల మీద కూర్చుని చివరి అంచుకు జిగురు పూస్తున్నాడు. శంకరవ్వ ఆయన్నీ వదల్లేదు. పెద్దమనిషివి, నీకన్న బుద్ధి ఉండొద్దా అని నిలదీసింది. ఆయన చెవిటివాడిలా పని ముగించుకుని వెళ్లిపోయాడు. నరేశ్ భార్య హర్షిణి గడపలో నిలబడి అన్నీ పడుతోంది.

శంకరవ్వ కోపంలో న్యాయం లేదని ఎవరూ అనలేరు. నలభై ఏళ్లుగా కోడి కూతతో లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్లతో సానుపు చల్లి, ముగ్గు పెట్టిన చెయ్యి అది. పెడితే పెట్టింది, తన వాకిలితో ఊరుకునే రకమా? తెల్లారగానే వీధంతా తిరిగి ఎవరి ముంగిలి తడిసిందో, ఎవరిది పొడిగా ఉందో చూసి వచ్చేది. ఎదురింటి బాలలక్ష్మి కోడలు ఒకనాడు ఏడింటికి సానుపు చల్లిందని, లచ్చిమి మీ గుమ్మం చూసి వాపసు పోయిందని ఆ పిల్ల ఏడ్చేదాకా దులిపింది. ఆ నోటికి జడిసే వీధిలో ఆడవాళ్లు చీకటితో లేచేవాళ్లు.

ఇప్పుడు ఆ బాలలక్ష్మే గేటు దగ్గర నిలబడి ముసిముసిగా నవ్వుతోంది. ఆమెను చూసేసరికి శంకరవ్వ గొంతు ఇంకో మెట్టు ఎక్కింది. నరేశ్‌కు తల తీసేసినట్టయింది.

పదిహేను రోజుల కింద హర్షిణి వాకిట్లో గడ్డి పరిపిస్తానంది. అవ్వను అడుగు, ఆమె సరేనంటే నాకేం అన్నాడు తను. అడిగాను, సరేనంది అని చెప్పింది. తను నమ్మాడు.

“అవ్వను అడిగిన అన్నవు గద,” అన్నాడు పళ్లు కొరుకుతూ.

“నన్నెవలడిగిన్రురా?” అంది శంకరవ్వ వీధి వైపు తిరిగి. “నేనెవలను ఈ ఇంట్ల?”

హర్షిణి అత్త ముఖం చూసింది. శంకరవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

“అడగలే,” అంది హర్షిణి మెల్లగా. “తప్పు నాదే.”

ఇంత పచ్చి అబద్ధం చెప్పి తననొక వెధవను చేసిందని నరేశ్ ఒళ్లు ఉడికిపోయింది. ఆ పూట ఆమె వడ్డించిన కంచం ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున అసలు మంట అంటుకుంది. వెనక వీధి సదానందం గేటు బయట చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, ఎవలు పోయిన్రు అని అడిగాడు. వాకిట్లో సానుపు లేదు, ముగ్గు లేదు. చావు జరిగిన ఇల్లే అనుకున్నాడు పాపం. ఆయన తప్పేముంది, ఆ ఊళ్లో ఎవరైనా అలాగే అనుకుంటారు.

శంకరవ్వ రొమ్ము బాదుకుంది. “నేనే పోయిన అయ్యా. నా కోడలు నన్ను సంపింది.”

నరేశ్ కత్తిపీట తీసుకుని వాకిట్లోకి దూకాడు. ఒక మూల పట్టి గడ్డిని చర్రున కోయబోతే శంకరవ్వే వచ్చి చెయ్యి పట్టుకుంది.

“వద్దు కొడుకా. పీకితే గచ్చు ఖరాబైతది.”

ఇంత అవమానంలోనూ ఇల్లు పాడవుతుందనే తల్లి ఆరాటం. నరేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే కోపం రెండింతలైంది. హర్షిణి వైపు తిరిగాడు.

“ఈ ఇంట్ల గడ్డన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె.”

ఆ మాట వీధంతా విన్నది. హర్షిణి మళ్లీ అత్త ముఖమే చూసింది. చాలాసేపు చూసింది. శంకరవ్వ లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. హర్షిణి బ్యాగులో నాలుగు చీరలు సర్దుకుంది. పొయ్యి మీద అన్నం ఉంది, అత్తమ్మకు పెట్టు అని మాత్రం చెప్పి, లక్సెట్టిపేటలో తల్లిగారింటికి బస్సెక్కింది. మొగుడు ఆపలేదు. మొండితనానికి అదే మందు అనుకున్నాడు.

మధ్యాహ్నం కరీంనగర్ వెళ్లి జలాలుద్దీన్ దుకాణంలో నిలబడ్డాడు.

“రేపే వచ్చి గా గడ్డి లేపుకపో.”

“నాతోని కాదు సార్,” అన్నాడు జలాలుద్దీన్. “పసందు చేసినామె నాతోని మాట తీసుకున్నది. ఇంటాయన వచ్చి తియ్యిమన్నా తియ్యద్దన్నది.”

నరేశ్ చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. మొగుడు ఏం చేస్తాడో ముందే ఊహించి దుకాణం వాడి దగ్గర మాట తీసుకుందా? ఇంతటిదని తెలిస్తే నిన్ననే పంపేవాడు.

“ఇంగ గామె ఫికర్ నీకద్దు. గడ్డి పసందు చేసినామెను పొద్దుగాల్నే ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన.”

జలాలుద్దీన్ చేతిలోని టేపు కింద పెట్టి, నోరు తెరిచి, అతని ముఖంలోకి చూశాడు.

“మోకాళ్లు వంగని గా ముసలామెను యాడికి ఎల్లగొట్టినవు సార్?”