బొల్లిపెట్ట వేసిన బాట

కూరగాయల తోటలో బొల్లిపెట్టకి మహా చెడ్డపేరు. మట్టి కనిపిస్తే చాలు, దాని కాళ్లు ఊరుకోవు. మొన్నటికి మొన్న రెండు వరసల వంగనారు గీరి పారేసింది.

"ఇంకొక్క మొక్క పెరికావో, నిన్ను తడిక అవతలికి తోలేస్తా," అంది తోటకి పెద్దదిక్కైన బోదురుకప్పత్త. తడిక అవతల బావురుపిల్లి తిరుగుతూ ఉంటుంది.

ఆ పొద్దున బండెడు చెక్కపేళ్లు వచ్చి తోట నడుమ కుప్పగా పడ్డాయి. బాటల్లో బురద అణగాలన్నా, మొక్కల మొదట్లో తడి నిలవాలన్నా వాటిని పరవాలి. ఉడత నాలుగు పేళ్లు మోసి చతికిలబడింది. నత్త "ఇదిగో వస్తున్నా" అని అప్పట్నుంచీ అంటూనే ఉంది.

బొల్లిపెట్ట దూరంగా నిలబడి ఒక కాలు ఈకల్లో దాచుకుంది. కళ్లు కూడా మూసుకుంది. అయినా కుప్ప పిలుస్తూనే ఉంది. ఓర్చుకుంది, ఓర్చుకుంది, ఇక తన వల్ల కాక ఒక్క గెంతులో కుప్పెక్కేసింది. ఇంకేముంది! పేళ్లు అటు ఎగిరాయి, ఇటు ఎగిరాయి. మధ్యాహ్నానికి కుప్ప లేదు.

అప్పుడు దానికి తెలివొచ్చింది. "నేనే పోతాలే అత్తా. తడిక తియ్యి," అంది తల వంచుకుని.

కప్పత్త పొట్టకి బురదంటకుండా బాట పొడుగునా గెంతుకుంటూ వెళ్లి, మిగిలిన వంగమొక్కల కింద చల్లటి పేళ్లలోకి హాయిగా దూరింది.

"ఎక్కడికే పోయేది?" అంది లోపల్నుంచి. "రేపు ఇంకో బండి వస్తోంది!"